మూడో వయొలిన్ వాయించబోతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

ఇటలీ స్వరకర్త వివాల్డి రాసిన నాలుగు వయొలిన్ల కాన్సర్టోలో (ఆర్కెస్ట్రాతో పాటు కొన్ని వాద్యాలు ముందుకొచ్చి వాయించే రచన) నీకు మూడోది ఇచ్చారని, అప్పట్నుంచి ముఖం ముడుచుకుని కూర్చున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నేను మ్యూనిక్‌లో ఉన్న రోజుల్లో అదే కాన్సర్టోలో అదే మూడో వయొలిన్ వాయించాను, అందుకే రాస్తున్నా.

ఓపస్ 3 అనే ఆయన సంపుటిలో ఉన్న 12 కాన్సర్టోల్లో ఇది పదోది, బి మైనర్ స్కేల్లో ఉంటుంది. 1711లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయినప్పుడు ఎనిమిది విడి పుస్తకాలుగా వచ్చింది: వయొలిన్లకి నాలుగు, వయోలాలకి రెండు, చెల్లోకి ఒకటి, బాస్‌కి ఒకటి. అంటే వెనక వేరే వయొలిన్ల వరస లేదు, సోలో అని ఉన్నచోట పైకి వచ్చేదీ టుట్టీ (అందరూ కలిసి) అని ఉన్నచోట కలిసిపోయేదీ ఆ నలుగురే. మొదటి వయొలిన్‌కి పని కాస్త ఎక్కువే, కాదనను. కానీ నీ చేతికొచ్చిన స్వరవాక్యం నువ్వు సరిగ్గా అందుకోకపోతే తర్వాతవాళ్ళకి అందదు. నీ పార్టు ఒక్కటే ముందు పెట్టుకుని సాధన చెయ్యకు. పూర్తి స్కోరు (అందరి స్వరాలూ ఒక్కచోట రాసిన ప్రతి) తీసుకుని, నీకు ఎవరు అందిస్తున్నారో, నువ్వు ఎవరికి అందిస్తున్నావో పెన్సిల్‌తో బాణాలు గీసుకో.

అసలు పరీక్ష మధ్యలో వచ్చే లార్ఘెట్టో, అంటే నెమ్మదిగా నడిచే భాగం. అక్కడ పాడుకునే బాణీ అంటూ పెద్దగా ఉండదు, నలుగురూ ఒకే స్వరసమూహాన్ని విడగొట్టి వాయిస్తారు, కానీ కమాను మాత్రం ఎవరిది వాళ్ళదే: ఒకరు స్వరాలు కలుపుతూ, ఇంకొకరు విడివిడిగా కొడుతూ. అన్నీ ఒక్కసారి మోగినప్పుడు నీళ్ళ మీద ఎండ పడ్డట్టు మెరుస్తుంది. మొదటి రిహార్సల్లో నేను పక్కావిడ మణికట్టు వైపు చూశాను, అంతే, రెండు బార్లు (తాళం కొలతలు) తిరిగేసరికి నా కమాను ఆవిడ కమానులా నడుస్తోంది, మెరుపంతా పోయి ఒట్టి చప్పుడు మిగిలింది. ఆ తర్వాత మేం నలుగురం ఆర్కెస్ట్రా లేకుండా, కుర్చీలు ఒకదానికొకటి వీపు పెట్టి వేసుకుని, సగం వేగంలో వారంపాటు వాయించాం. చూపు లేకపోయేసరికి చెవి పని మొదలుపెట్టింది. మీరూ అలా చెయ్యండి, మొహమాటపడకుండా నువ్వే అడుగు.

ఇంకోటి, నువ్వు విజయవాడలో కర్ణాటక సంగీతంతో మొదలుపెట్టావు కాబట్టి నీకే చెబుతున్నా. పొడుగు స్వరం కనబడగానే నీ వేలు గమకం కోసం జారుతుంది. అది మంచి అలవాటే, కానీ ఇక్కడ పక్క మూడు వయొలిన్లతో శ్రుతి తగువు పెట్టుకుంటుంది. స్వరం మీద వేలు నిలిపి, భావమంతా కమాను బరువులో చూపించు.

జర్మన్ స్వరకర్త బాక్ ఇదే కాన్సర్టోని ఏ మైనర్‌లోకి మార్చి నాలుగు హార్ప్సికార్డులకి (పియానో లాంటి పాతకాలపు మీటల వాద్యం) రాశాడు, తప్పకుండా విను. హార్ప్సికార్డులో స్వరాన్ని సాగదీసి పెంచడం కుదరదు కదా, అందుకని ఎవరు ఎవరికి అందిస్తున్నారో ఇంకా తేటగా తెలుస్తుంది. చివర్లో వేగంగా సాగే అల్లెగ్రో భాగం గురించి టెన్షన్ వద్దు, పరుగెత్తకుండా ఉంటే చాలు.

వచ్చే రిహార్సల్ అయ్యాక లార్ఘెట్టో వరకు ఫోన్లో రికార్డు చేసి పంపు. మిగతా ముగ్గురిలో నీ కమాను వినబడుతోందో లేదో నేను చెబుతా.

మీ పెదనాన్న