సాంకేతిక సందేహాలు: పట్టిక పెద్దదైతే కంపైలర్ ఎందుకు చతికిలబడుతుంది?

ప్రశ్న: డెల్టా మురుగు కాలువల్లో నీరు ఎటు లాగుతుందో లెక్కగట్టే ప్రోగ్రామ్‌ను సీ ప్లస్ ప్లస్‌లో రాస్తున్నాను. 20 మీటర్లకు ఒకటి చొప్పున నేల ఎత్తులు, 5,000 వరుసలు, వరుసకు 4,000 విలువలు, అన్నీ ఒకే డబుల్ (8 బైట్ల దశాంశ సంఖ్య) అర్రేలో, అంటే విలువల వరుసలో, కోడ్‌లోనే రాశాను. జీసీసీ కంపైలర్‌తో (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే సాధనం) కంపైల్ చేస్తే లాప్‌టాప్ బిగుసుకుపోయి, చివరకు ‘కిల్డ్’ అని వస్తోంది. ర్యామ్ 4 జీబీ. ఆప్టిమైజేషన్ తీసేసినా అంతే.
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మీ కోడ్‌లో తప్పు లేదు. ర్యామ్ చాలక లైనక్స్ కెర్నలే (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) కంపైలర్‌ను ఆపేసింది. కెర్నల్ లాగ్‌లో ‘ఔట్ ఆఫ్ మెమరీ’ అన్న వరుస వెతకండి, పక్కనే సీసీ1ప్లస్ (జీసీసీలో సీ ప్లస్ ప్లస్‌ను చదివే భాగం) పేరు ఉంటుంది.

2 కోట్ల డబుల్స్ ప్రోగ్రామ్‌లో 160 ఎంబీయే. కంపైలర్‌కు మాత్రం అవి అక్షరాలు. ముందు ఫైలు మొత్తాన్ని టోకెన్లుగా (చిన్న ముక్కలుగా) విడగొట్టి దాచుకుంటుంది, ప్రతి కామా కూడా ఒక టోకెనే. ఆపైన ఒక్కో విలువకు నోడ్ (దాని వివరాలు దాచే చిన్న రికార్డు), అర్రేలో దాని స్థానం చెప్పే ఎంట్రీ. విలువకు 100 బైట్లే వేసుకున్నా 2 జీబీ అవుతుంది. లోపలి జాబితా నిండితే ఇంకా పెద్దది తీసుకుని అందులోకి కాపీ చేస్తుంది, ఆ కాసేపు పాతదీ కొత్తదీ రెండూ ర్యామ్‌లోనే ఉంటాయి. ఇదంతా పార్సింగ్‌లోనే (కోడ్‌ను చదివి అర్థం చేసుకునే దశ) జరిగిపోతుంది కాబట్టి ఆప్టిమైజేషన్ తీసేసినా ఫలితం లేదు.

ముందు డబుల్ వదిలేయండి. ఎత్తును సెంటీమీటర్లలో 16 బిట్ల పూర్ణాంకంగా రాస్తే 327 మీటర్ల దాకా పడుతుంది, ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా మన పల్లపు నేలకు అది చాలా ఎక్కువ. సముద్రమట్టానికి దిగువన ఉన్న చోట్లకు ఋణ సంఖ్యలు సరిపోతాయి. పట్టిక 40 ఎంబీకి దిగుతుంది.

తర్వాత ఆ విలువలను చిన్న స్క్రిప్టుతో బైనరీ ఫైలుగా రాసి, అసెంబ్లర్‌లోని (అసెంబ్లీ భాషను యంత్రభాషగా మార్చే సాధనం) ‘ఇన్‌క్‌బిన్’ ఆదేశంతో చేర్చండి. అసెంబ్లీ ఫైలులో రాయాల్సినవి కొద్ది వరుసలే: రీడ్ ఓన్లీ సెక్షన్, ‘బి అలైన్ 8’ (డేటా 8 బైట్ల గుణిజం దగ్గర మొదలయ్యేలా చేసే వరుస), గ్లోబల్ లేబుల్, ఇన్‌క్‌బిన్. సీ ప్లస్ ప్లస్‌లో ఆ లేబుల్‌ను ఎక్స్‌టర్న్ (వేరే ఫైలులో ఉందని చెప్పే) అర్రేగా ప్రకటిస్తే చాలు. అసెంబ్లర్ బైట్లను ఉన్నవున్నట్టు దించేస్తుంది, నోడ్ల గొడవే ఉండదు. అలైన్ వరుస మాత్రం మరవకండి. ఇంకొకటి, బైనరీ ఫైలు మారిన సంగతి మేక్‌కు (మారిన ఫైళ్లనే మళ్లీ కంపైల్ చేయించే సాధనం) తనంతట తెలియదు. మేక్‌ఫైల్‌లో దాన్ని ఆ ఆబ్జెక్ట్ ఫైలుకు డిపెండెన్సీగా రాయకపోతే పాత ఎత్తులతోనే లెక్కలు వస్తాయి, ఎర్రర్ ఏదీ రాదు.

జీసీసీ 15 గానీ క్లాంగ్ 19 గానీ ఉంటే ఫైలును నేరుగా కోడ్‌లో చేర్చే ‘ఎంబెడ్’ డైరెక్టివ్ ఉంది, కానీ అది ఇచ్చేది బైట్ల వరుస; 16 బిట్ల విలువలుగా మీరే కలుపుకోవాలి. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ స్థలం) పెంచడం ఆ పూటకు గట్టెక్కిస్తుంది, అంతే.

సర్వే ఎత్తులు సవరించే అవకాశం ఉంటే పట్టికను ప్రోగ్రామ్‌లో కలపనే వద్దు. ఫైలుగా పక్కన ఉంచి, నడిచేటప్పుడు ఎమ్‌మ్యాప్‌తో (ఫైలును మెమరీలో ఉన్నట్టే చదవనిచ్చే సదుపాయం) తెరవండి.

ప్రశ్న: 30 వేల ఊరి పేర్లు, కోడ్లతో ఎస్‌టీడీ మ్యాప్ (పేరు ఇస్తే విలువ వెతికిచ్చే సీ ప్లస్ ప్లస్ పట్టిక) నింపాను. ఓ2 ఆప్టిమైజేషన్‌తో కంపైల్ ఎంతకీ తెమలడం లేదు.
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: ఆ జాబితా అంతా ఒకే భారీ ఫంక్షన్‌గా మారుతుంది, ప్రోగ్రామ్ మొదలైన ప్రతిసారీ అది నడవాలి. పేర్ల క్రమంలో పేర్చిన స్టాటిక్ కాన్స్ట్ స్ట్రక్చర్ అర్రే పెట్టి, పేర్లను క్యారెక్టర్ పాయింటర్లుగా ఉంచి, బైనరీ సెర్చ్‌తో వెతకండి.