కొత్తగా వచ్చే హౌస్ సర్జన్ల గురించి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కనిగిరి వైపు మీ పీహెచ్‌సీకి వచ్చే హౌస్ సర్జన్ల, అంటే ఎంబీబీఎస్ చదువు ముగించి శిక్షణలో ఉన్న పిల్లల బాధ్యత నీ మీద పడిందని రాశావు. పుస్తకంలో ఉన్నది వాళ్ళకు నీకంటే, నాకంటే బాగా గుర్తుంటుంది. దాని జోలికి పోకు. స్కానింగ్ లేని చోట కంటితో, చేత్తో చూసి తేల్చుకోవడం నేర్పు.

మొదటి వారం ఓపీలో కుర్చీ వేయకు. ఏఎన్ఎం వెంట ఊళ్ళోకి పంపు, ఆమె సంచి వాళ్ళనే మోయమను. ఏ గర్భిణి ఐరన్ మాత్రలు మింగకుండా దాస్తోందో ఆమెకే తెలుసు. ఆమె వెనక నడవడం కొందరికి నామోషీగా ఉంటుంది. ఉండనీ.

నడుము నొప్పి అనగానే నొప్పి బిళ్ళ రాసే అలవాటు మాన్పించు. ఏళ్ళ తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మీ ప్రాంతంలో ముందు అడగాల్సింది ఏ బోరు నీళ్ళు తాగుతున్నారని. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు అందుకోమనాలి, గడ్డం ఛాతీకి ఆనించమనాలి, చేతులు చాచి మడిచి తల వెనక పెట్టమనాలి. చేయలేకపోతే ఫ్లోరోసిస్‌ను, అంటే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోయే జబ్బును అనుమానించాలి.

పాముకాటు మాత్రం నువ్వు పక్కన నిలబడి నేర్పు. రక్తపింజర కాటులో రక్తం గడ్డకట్టదు. 2 మిల్లీలీటర్లు తీసి, పొడి గాజు ట్యూబులో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి. సబ్బుతో కడిగిన ట్యూబు, ప్లాస్టిక్ ట్యూబు రెండూ మోసం చేస్తాయి. కట్లపాము ఇంకా మాయలాడి. నేల మీద పడుకున్నవాళ్ళను రాత్రి కరుస్తుంది, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో వచ్చిన మనిషి కనురెప్పలు వాలుతుంటే గ్యాస్ అని పంపేయకూడదు.

విషం ఎక్కినట్టు తేలితే దాని విరుగుడు మందు యాంటీవీనమ్ 10 వయల్స్ మీ దగ్గరే మొదలుపెట్టించు. పడకపోతే వాడటానికి అడ్రినలిన్ ముందే సిరంజిలోకి తీసి ఉంచాలి. ఆ తర్వాతే 108లో ఒంగోలుకు. ముట్టుకోకుండా చీటీ రాసి చేతులు దులుపుకోవడం మన వృత్తిలో పాత జబ్బు. చీటీలో కరిచిన సమయం, ఇచ్చిన మందు, ఇచ్చిన వేళ ఉండాలి. మర్నాడు ఆసుపత్రికి ఫోన్ చేసి రోగి ఎలా ఉన్నాడో వాళ్ళనే కనుక్కోమను. తాము చేసింది సరైనదో కాదో అప్పుడే తెలుస్తుంది.

ఇదంతా ఒక ఎత్తు, క్వార్టర్స్ ఒక ఎత్తు. పిల్లలు రాకముందే నీళ్ళ మోటారు, బాత్‌రూమ్ గడియ, వరండా లైటు బాగు చేయించు. వాటికి విసిగి వెళ్ళిపోయినవాళ్ళే ఎక్కువ.

ఆశీస్సులతో,
మీ మాస్టారు