ఏ బోరు నీళ్లని అడగలేదు

చిన్నీ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేసి అరగంట వాపోయాడు. మెడిసిన్‌కి అప్లై చెయ్యకుండా ముందు పబ్లిక్ హెల్త్ చదువుతావట, రెండేళ్లు పోయినట్టేనట. వాడి ముందు నేనూ నిట్టూర్చాను కానీ, ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. సంతోషమో భయమో నాకే తెలీలేదు.

ముందు భయం సంగతి. నువ్వు పంపిన ట్రాన్‌స్క్రిప్ట్ చూశాను. ఆర్గానిక్ కెమిస్ట్రీలో వచ్చిన ఆ సి గ్రేడును కప్పెట్టడానికే అయితే ఈ పబ్లిక్ హెల్త్ పీజీ, ఎంపీహెచ్, వద్దు తల్లీ. ఆ మార్కులు నీ డిగ్రీ జీపీఏలో కలవవు, అప్లికేషన్‌లో విడిగా చూపిస్తారు. సైన్స్‌లో పడిన మచ్చ సైన్స్ కోర్సులతోనే పోవాలి. మెడిసిన్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ ఇప్పుడే రాసెయ్యకు, రెండు మూడేళ్లు దాటిన స్కోరు చాలా కాలేజీలు తీసుకోవు. ఎంపీహెచ్ మొదటి ఏడాది అవ్వగానే జూన్‌లో మెడిసిన్ అప్లికేషన్ పెట్టెయ్, లేకపోతే ఇంకో ఏడాది ఖాళీ. అప్పు దగ్గర మాత్రం నాకు నిజంగా టెన్షన్. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి, పై చదువులకి ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ లోన్ లేదు. మెడిసిన్‌కి కూడా ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000 డాలర్లే. పేరు కోసం బోస్టన్ పోతానంటే ఊరుకోను, ఇంటి దగ్గర స్టేట్ యూనివర్సిటీ చాలు.

ఇక ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు. హౌస్ సర్జన్సీలో నన్ను నల్లగొండ జిల్లాలో ఒక పల్లెకి వేశారు. నలభై ఏళ్లావిడ నడుం నొప్పని వచ్చింది. వంగలేదు, మెడ తిప్పలేదు. నొప్పి మాత్రలు రాశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ అవే. బల్ల కింద అమెరికా పరీక్షల పుస్తకం తెరిచే ఉంది నాకు. మూడోసారి కొడుకుని వెంట తెచ్చింది. వాడి పళ్ల మీద గోధుమరంగు చారలు, మోకాళ్లు వంకర. అప్పటికీ నాకు తట్టలేదు. మందులిచ్చే కాంపౌండరే అడిగాడు, "ఏ బోరు నీళ్లు తాగుతున్నరమ్మా?" అని.

ఫ్లోరోసిస్. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు పాడయ్యే జబ్బు. ఏడాది కిందటే ఎస్‌పీఎం, అంటే జనారోగ్యం సబ్జెక్టు, పరీక్షలో దాని మీద నాలుగు పేజీలు రాశాను నేను! లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారని, అన్నీ రాశాను. ఆవిడ ఒక్క మాట అంది: "మా వాడకట్టంతా ఇట్లనే ఉంటరు డాక్టరమ్మా." ఆ వాడకట్టుకి నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. రెండు నెలలకి విమానం ఎక్కేశాను.

ఆ కాంపౌండర్ అడిగిన ప్రశ్న కోసం రెండేళ్లు చదువుతానంటే చదువు. బయోస్టాట్స్ లెక్కలంటే భయపడకు, జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకొస్తుందో వెతికే ఎపిడెమియాలజీ ఒక్క క్లాసు కూడా మానకు. వేళకి తిను.

ఆదివారం ఫోన్ చెయ్, మీ నాన్న పక్కన లేనప్పుడు. ఆర్గానిక్ సంగతి మనిద్దరి మధ్యే ఉంటుందిలే. నాకు ఫార్మకాలజీ ఒకసారి పోయిందని వాడికి ఈనాటికీ తెలీదు.

నీ మేనత్త