ఛాయాచిత్ర సందేహాలు: నీటి గీత ఎందుకు ఒరుగుతుంది?

ప్రశ్న: ఆర్‌.కె. బీచ్‌లోనూ రుషికొండలోనూ తరచుగా సూర్యోదయాలు తీస్తుంటాను. తీసేటప్పుడు అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో చూస్తే మాత్రం దాదాపు ప్రతి ఫొటోలోనూ సముద్రం కుడివైపు పైకి లేచి ఉంటోంది. కారణం తెలుపగలరు. (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: ఎప్పుడూ కుడివైపే లేస్తోందన్న మీ మాటలోనే సగం జవాబు ఉంది. చూపు పొరపాటైతే నీటి గీత, అంటే సముద్రమూ ఆకాశమూ కలిసే గీత, ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఒరగాలి. ఒకే వైపు ఒరుగుతోందంటే ముందుగా అనుమానించవలసింది చేతిని. షట్టర్ మీట కుడి చూపుడువేలి కింద ఉంటుంది కాబట్టి, దాన్ని గట్టిగా నొక్కినప్పుడు కెమెరా కుడి పక్క రవ్వంత కిందికి దిగుతుంది. కెమెరా ఏ పక్కకు దిగితే ఫొటోలో ఆ పక్క సముద్రం పైకి లేస్తుంది. మొబైల్‌ను అడ్డంగా పట్టుకొని కుడి బొటనవేలితో తెరను నొక్కినా ఇదే జరుగుతుంది. అనుమానం తీరాలంటే, ఒకే చోట నిలబడి కొన్ని ఫొటోలు మామూలుగానూ, కొన్ని 2 సెకన్ల టైమర్ పెట్టి చేతులు కదలకుండానూ తీసి పోల్చండి. టైమర్‌తో తీసినవాటిలో ఒరుగుడు పోతే, మోచేతులను పక్కటెముకలకు ఆనించి, మీటను పొడిచినట్టు కాకుండా మెల్లగా అదిమే అలవాటు చేసుకుంటే చాలు.

ఆర్‌.కె. బీచ్‌లో చూపును తప్పుదారి పట్టించేవి కూడా ఉన్నాయి. సముద్రానికి ఎదురుగా నిలబడితే కుడివైపున డాల్ఫిన్స్ నోస్ కొండ నీటిలోకి వాలుతూ దిగుతుంది. కాళ్ల ముందు తడి ఇసుక అంచు ఫ్రేములో ఏటవాలుగా సాగుతుంది. ఈ రెండు వాలుల మధ్య ఇరుక్కున్న కన్ను, వాటితో రాజీపడేలా కెమెరాను తిప్పుతుంది. అందుకే ఫ్రేము కుదుర్చుకునేటప్పుడు కొండనూ ఒడ్డునూ కాసేపు మరచిపోయి దూరాన ఉన్న నీటి గీతను మాత్రమే చూడమంటాను. తెరమీద గ్రిడ్ గీతలు పెట్టుకొని, ఒక అడ్డగీతను నీటి గీతకు దగ్గరగా తెచ్చి, రెండింటి మధ్య సందు ఎడమ చివరా కుడి చివరా సమానంగా ఉందో లేదో గమనించండి. సరిగ్గా ఒకదానిమీద ఒకటి పెడితే ఒరుగుడు కనిపించదు; సన్నని సందు ఉంటేనే తేడా బయటపడుతుంది.

తేడా ఎంత చిన్నదైనా సముద్రం దాన్ని దాచుకోదు. 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో ఒక్క డిగ్రీ ఒరిగితే గీత రెండు చివరల మధ్య ఎత్తులో సుమారు 105 పిక్సెళ్ల తేడా వస్తుంది. కొండల ఫొటోలో అంతే తేడా ఎవరికీ తెలియకపోవచ్చు గాని, నీరు సమంగా నిలుస్తుందని తెలిసిన కంటికి సముద్రం ఒక పక్కకు కారిపోతున్నట్టే ఉంటుంది.

ట్రైపాడ్ వాడేవారికి ఒక మాట. అలలు తాకే చోట ఇసుకలో నిలిపిన కాళ్ల కింద నుంచి ప్రతి అలా కొంత ఇసుకను లాగేస్తుంది. కెమెరా బిగించకముందే కాళ్లను ఇసుకలోకి బాగా దిగగొట్టాలి. ఆ తరువాత కూడా రెండు మూడు అలలకొకసారి రసమట్టం బుడగను చూసుకోవాలి. ట్రైపాడ్ మీది బుడగ నడిమికి వచ్చినంత మాత్రాన దాని తలపై ఉన్న కెమెరా సమంగా ఉన్నట్టు కాదు కాబట్టి, నమ్మవలసింది కెమెరా ఎంత ఒరిగిందో తెరమీద చూపే ఎలక్ట్రానిక్ లెవెల్‌ను.

ప్రశ్న: హుస్సేన్ సాగర్ కనిపించే ఒక ఎత్తైన భవనం పైనుంచి ఫొటో తీశాను. కెమెరా లెవెల్ సున్నా చూపింది. అయినా ఎదుటి ఒడ్డు వెంట నీటి గీత ఒరిగి ఉంది. లెవెల్ పాడైందా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: పాడవలేదు. మీ కెమెరా సమంగానే ఉంది. ఎదుటి ఒడ్డును దిగంతమని అనుకోవడంలోనే చిక్కంతా ఉంది. సముద్రపు దిగంతం మీకు అన్ని దిక్కులా ఒకే దూరంలో ఉంటుంది కాబట్టి సమంగా కనిపిస్తుంది. చెరువు గట్టు అలా కాదు. ఒక చివర దగ్గరగా, మరో చివర దూరంగా ఉన్నప్పుడు, దగ్గరి నీటి అంచు ఫ్రేములో కిందికీ దూరపు అంచు పైకీ పడుతుంది.

మీరు నీటికి 40 మీటర్ల ఎత్తున నిలబడ్డారనీ, ఎదుటి గట్టు ఎడమ చివర అర కిలోమీటరులో, కుడి చివర 2 కిలోమీటర్లలో ఉందనీ అనుకుందాం. మీ కంటి మట్టానికి ఎడమ అంచు సుమారు 4.6 డిగ్రీలు, కుడి అంచు 1.1 డిగ్రీలు కిందికి ఉంటాయి. మూడున్నర డిగ్రీల ఆ తేడాయే మీకు ఒరుగుడుగా కనిపిస్తోంది. అదే గట్టు దగ్గరికి దిగి, నీటికి మీటరున్నర ఎత్తున కెమెరా పట్టుకుంటే, అవే దూరాలకు తేడా డిగ్రీలో ఏడో వంతు కూడా ఉండదు. చెరువులనూ రిజర్వాయర్లనూ కిందినుంచి తీసినప్పుడు రాని ఈ ఇబ్బంది కొండ మీదినుంచి తీసినప్పుడు రావడానికి కారణం ఇదే.

ఇలాంటి ఫొటోలో నీటి గీతను పట్టుకొని తిప్పకండి. తిప్పితే నీటి మధ్యనున్న బుద్ధ విగ్రహం ఒక పక్కకు వాలిపోతుంది, ఆ తప్పు మొదటిదానికన్నా పెద్దది. ఇక్కడ ప్రమాణంగా తీసుకోవలసింది నిలువు గీతలను: విగ్రహం నిలువు, భవనం మూల, దీపస్తంభం. అయితే కెమెరాను పైకో కిందికో వంచినప్పుడు ఫ్రేము అంచుల్లోని నిలువు గీతలు వాటంతట అవే వాలుతాయి కాబట్టి, నడిమిలో ఉన్నదాన్నే ఎంచుకోవాలి. గాలి లేని ఉదయం నీరు నిశ్చలంగా ఉంటే మరో మంచి ఆధారం దొరుకుతుంది. ఫ్రేము మధ్యనున్న దీపం, నీటిలో దాని ప్రతిబింబం నిట్టనిలువుగా ఒకదాని కింద ఒకటి ఉండాలి. అలా ఉంటే గట్టు ఎలా కనిపించినా మీ ఫొటో సమంగా ఉన్నట్టే.

ప్రశ్న: ఉప్పాడ తీరంలో మొబైల్ 0.5 (ఎక్కువ వెడల్పు పట్టే) లెన్సుతో తీస్తే సముద్రం విల్లులా వంగింది. అది భూమి గుండ్రదనమేనా? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: కాదు. ఒడ్డున నిలబడ్డ మనిషికి దిగంతం సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. ఆ ఎత్తునుంచి భూమి వంపు ఫొటోలో తెలియదు. మీరు చూసింది లెన్సు వంపు. నీటి గీతను ఒకసారి ఫ్రేము పైభాగంలో, మరోసారి కింది భాగంలో పెట్టి తీయండి: మొదటిదాంట్లో నడుము పైకి, రెండోదాంట్లో కిందికి వంగుతుంది. సరిగ్గా మధ్యలో పెడితే వంపు ఉండదు.

ప్రశ్న: ఒరిగిన ఫొటోను తరువాత కంప్యూటర్‌లో సరిచేసుకోవచ్చు కదా, తీసేటప్పుడు ఇంత శ్రమ ఎందుకు? (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: సరిచేయవచ్చు, పడవ మీదినుంచి తీసినప్పుడు చాలాసార్లు అదే దారి, పడవ ఊగుతూ మలుపు తిరుగుతున్నప్పుడు ఎలక్ట్రానిక్ లెవెల్‌ను కూడా నమ్మలేము. కానీ తిప్పిన ప్రతిసారీ నాలుగు మూలలూ కత్తిరించక తప్పదు. 3:2 కొలతల ఫొటోను అదే కొలతల్లో ఉంచి ఒక డిగ్రీ తిప్పితే విస్తీర్ణంలో సుమారు 5 శాతం, 3 డిగ్రీలు తిప్పితే దాదాపు 14 శాతం పోతుంది. అంచుకు ఆనుకొని ఉన్న పడవ తెడ్డో, తాటిచెట్టు తలో అందులోనే పోతుంది. ఒరుగుతుందని ముందే తెలిస్తే చుట్టూ కాస్త ఖాళీ వదిలి తీయండి. సరిచేసేటప్పుడు మొదట లెన్సు వంపును తీసేసి, ఆ తరువాతే గీతను తిప్పండి; వంగిన గీతలో ఏ ముక్కను ప్రమాణంగా తీసుకుంటే ఆ ముక్కకు ఒక్కో కొలత వస్తుంది.