లిస్ప్‌లో స్ట్రింగ్ చుట్టూ ఉన్న అక్కర్లేని ఖాళీలు తీసేయడం ఎలా?

"ఫైల్లోంచి చదివిన పేర్లకు ముందూ వెనకా స్పేసులు, ట్యాబులు అంటుకొని వస్తున్నాయి. లిస్ప్‌లో వీటిని ఎట్లా తీసేయాలి?" అన్నది ప్రశ్న. (లిస్ప్ ఒక ప్రోగ్రామింగ్ భాష. స్ట్రింగ్ అంటే అందులో వరసగా పేర్చిన అక్షరాలు.) స్ట్రింగ్-ట్రిమ్ వాడండి అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోవచ్చు. నాకూ ఒకప్పుడు ఒకాయన అట్లాగే చెప్పాడు. ఆ ఒక్క ముక్క పట్టుకొని నేను నెల్లూరులో దించాల్సిన టన్నున్నర రొయ్యల మేతను ఏలూరులో దింపించాను. అందుకే నా జవాబు కాస్త పొడుగు. కోడ్ కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, మీరు ఇంగ్లీషులో కొట్టుకోండి.

నాది నెల్లూరు. పని సర్వే డ్రాయింగులు. మైపాడు వైపు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలు కొలిచి కట్టలు, కాలవలు, మోటారు షెడ్లు ఆటోక్యాడ్‌లో గీసిస్తా. కొన్నాళ్ళు చీమకుర్తి గ్రానైట్ క్వారీలకు కూడా గీశాను. టోటల్ స్టేషన్ అనే కొలతల మిషన్ నుంచి వచ్చే ఫైల్లో ఒక్కో పాయింటుకు ఒక కోడ్ ఉంటుంది. కట్ట మీదయితే బండ్, కాలవయితే డ్రెయిన్. ప్రిజం పట్టుకున్న కుర్రాడు కేకేస్తే మిషన్ దగ్గరున్న కుర్రాడు కొడతాడు. ఎండలో నిలబడి కొట్టేవాడు బండ్ తర్వాత చెయ్యి జారి ఒక స్పేస్ కూడా కొట్టాడనుకోండి, ప్రోగ్రాముకు అది వేరే మాట. అక్కడిదాకా గీత వచ్చి ఆగిపోతుంది, కట్టకు గండి పడినట్టు. ఒక రైతు ఆ ప్రింటు చూసి "మా కట్ట తెగిందా సార్?" అని నిజంగానే కంగారు పడ్డాడు.

ఆటోక్యాడ్ లోపలుండే లిస్ప్ పేరు ఆటోలిస్ప్. అందులో దీనికి వీఎల్-స్ట్రింగ్-ట్రిమ్ ఉంది. రెండు ఇవ్వాలి. మొదటిది ఏయే అక్షరాలు తీసేయాలో చెప్పే సంచీ, రెండోది మన స్ట్రింగ్. ఆ సంచీలో ఒక స్పేస్, బ్యాక్‌స్లాష్ టీ, బ్యాక్‌స్లాష్ ఎన్ రాస్తే స్పేసు, ట్యాబు, కొత్త లైను మూడూ రెండు చివర్ల నుంచీ రాలిపోతాయి. ఏళ్ళ తరబడి అదే వాడాను. వేళ్ళకు అలవాటైపోయింది. 1986 నుంచీ ఆటోక్యాడ్‌లో ఉన్న లిస్ప్ గురించి నేను డ్రాయింగ్ నేర్చుకున్న చోట మూడు నెలల కోర్సులో ఒక్క ముక్క ఎత్తలేదు. ఫీజు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు. ఆటోక్యాడ్‌లోనే చవక రకమైన ఎల్‌టీ కొనుక్కున్నవాళ్ళకయితే 2024 వెర్షన్ దాకా ఆటోలిస్ప్ రానే రాలేదు. ఆ ఏడుపు ఇంకోసారి ఏడుస్తా.

మా ఊరి వరసకు బాబాయ్ అయ్యే ఒకాయన మేత డీలరు. నెల్లూరులో ఒక గోడౌన్, ఏలూరులో భాగస్వామితో కలిసి ఇంకో గోడౌన్. ఫ్యాక్టరీ రాజమండ్రి అవతల. లారీ హైవే ఎక్కితే ముందు ఏలూరు తగులుతుంది, నెల్లూరు చివర. రైతు పేరు, ఊరు, ఏ గోడౌన్, ఎన్ని బస్తాలు, బాకీ ఎంత, ఇవన్నీ ఆయన దగ్గర నాలుగైదు ఫైళ్ళలో చెల్లాచెదురుగా ఉండేవి. లెక్కలు రాసే కుర్రాడు కాలమ్స్ వరసగా కనబడాలని స్పేస్‌బార్ కొట్టి కొట్టి జరిపేవాడు. ట్యాబ్ అనేది ఒకటుందని తెలిశాక స్పేసులూ ట్యాబులూ కలిపి కొట్టడం మొదలుపెట్టాడు. నన్నడిగితే కీబోర్డు మీద స్పేస్‌బార్ అంత పొడుగ్గా పెట్టడమే తప్పు.

"ఒరేయ్ అబ్బయ్యా, నువ్వేదో లిస్పో గిస్పో రాస్తావంట గదా, ఇవన్నీ కలిపి ఒక లిస్టు చేసియ్యి" అన్నాడు బాబాయ్. ఎక్సెల్‌లో అరపూటలో అయ్యే పని. కానీ నాకప్పుడు కామన్ లిస్ప్ మోజు కొత్త, అది ఆటోక్యాడ్‌తో సంబంధం లేని ఇంకో లిస్ప్. దాన్ని నడిపే ఎస్‌బీసీఎల్ దించుకొని రెండు నెలలయింది. సరేనన్నాను. స్పేసులు తీయడానికి ఏముందని అడిగితే ఆ ఒకాయన స్ట్రింగ్-ట్రిమ్ అన్నాడు. చూస్తే అచ్చం మన ఆటోలిస్ప్‌దే, ముందు సంచీ, తర్వాత స్ట్రింగ్. నా పాత సంచీ తెచ్చి అక్కడ పెట్టాను. ఎర్రర్ లేదు, వార్నింగ్ కూడా లేదు. లిస్టు చక్కగా వచ్చింది. బాబాయికి పంపేసి పడుకున్నాను.

కామన్ లిస్ప్‌లో కొటేషన్ల మధ్య బ్యాక్‌స్లాష్‌కు ఒకే అర్థం ఉంది, "నా తర్వాత వచ్చే అక్షరాన్ని ఉన్నదున్నట్టు తీసుకో" అని. బ్యాక్‌స్లాష్ టీ అంటే ట్యాబ్ కాదు, ఉత్త టీ. బ్యాక్‌స్లాష్ ఎన్ అంటే ఉత్త ఎన్. అంటే నా సంచీలో ఉన్నవి స్పేసు, చిన్న టీ, చిన్న ఎన్. ఏ మాట చివర్లలో టీ గానీ ఎన్ గానీ కనబడినా దాన్ని కూడా ఖాళీ కిందే లెక్కగట్టి కోసేస్తుంది. ట్యాబులు మాత్రం అట్లాగే ఉంటాయి!

ఊర్ల పేర్లన్నీ ఆ కుర్రాడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాడు. తడ కాస్తా అడ అయింది. టంగుటూరు అంగుటూరు అయింది. నాయుడుపేట్ అని కొట్టిన నాయుడుపేటకు ముందు ఎన్, వెనక టీ రెండూ పోయి ఐడుపె అని మిగిలింది. రైతుల పేర్లకు మొదటి అక్షరం పెద్దది కాబట్టి ముందువైపు ఇబ్బంది రాలేదు గానీ, మా జిల్లాలో మస్తాన్ అనే పేరుకు కొదవ లేదు. వాళ్ళంతా మస్తా అయ్యారు. పెంచలయ్యలు బతికిపోయారు. ఇవన్నీ లెక్కల కుర్రాడికి కనబడ్డాయి. టైపింగులో తనే తప్పు కొట్టానేమోనని భయపడి, ఎవరికీ చెప్పకుండా ఒక్కొక్కటీ చేత్తో దిద్దేశాడు. నాకు ఒక్క మాట చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

వాడు దిద్దనిది ఒక్కటే, గోడౌన్ కాలమ్. అందులో నెల్లూరుకు ఇంగ్లీషులో నెల్లోర్ అని ఉంటుంది. ముందున్న ఎన్ తీసేయండి. ఎల్లోర్. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఏలూరును ఇంగ్లీషులో అట్లాగే రాసేవాళ్ళు. ఐడుపె అని ఊరు లేదు కాబట్టి కుర్రాడికి అనుమానం వచ్చింది. ఎల్లోర్ అని ఊరుంది, అక్కడ మన గోడౌన్ కూడా ఉంది, ఇంక అనుమానం దేనికి? ఫ్యాక్టరీలో లోడింగ్ చూసే పెద్దాయన పాతకాలం మనిషి, ఆయనకు ఆ స్పెల్లింగు బాగా తెలుసు. సరుకంతా ఏలూరు అని స్లిప్పు రాసి లారీకి ఇచ్చేశాడు.

రొట్టెల పండగ రోజులు. మా చిన్నమ్మ వాళ్ళొస్తే స్వర్ణాల చెరువు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ జనంలో రొట్టె చేతిలో పట్టుకొని నీళ్ళలోకి దిగుతుంటే ఫోను. బాబాయ్.

"యాడుండావురా?"

"దర్గా దగ్గర బాబాయ్, చెరువులో."

"ఆ చెరువులోనే ఉండు, పైకి రావాకు. లారీ డ్రైవరు ఇప్పుడే ఫోన్ చేశాడు. బండి ఖాళీ అయిపోయింది, తిరిగి పొమ్మంటారా అని అడుగుతుండాడు. అరవై బస్తాలు ఏలూరులో దించేశాడంట. ఇక్కడ చూస్తే రైతులు గోడౌన్ ముందర నిలబడుండారు. నీ లిస్టులో నెల్లూరు అనే ఊరే లేదంటరా!"

ఇరవై అయిదు కేజీల బస్తాలు అరవై. మూడొందల కిలోమీటర్లకు పైగా అవతల. రొయ్యకు రోజూ నాలుగు పూటలు మేత వేస్తారు, రేపు వస్తుందిలే అని రొయ్యకు నచ్చచెప్పలేం. మైపాడు రైతులు పక్క గుంటల వాళ్ళ దగ్గర బస్తాలు బదులు తెచ్చుకొని ఆ రెండు రోజులు గట్టెక్కారు. వేరే లారీ బాడుగ బాబాయ్ కట్టాడు. డబ్బులిస్తానంటే తీసుకోలేదు గానీ, "స్పేసులు తియ్యరా అంటే ఊరినే తీసేశావు గదరా" అని ఇప్పటికీ ప్రతి పెళ్ళిలో, పంక్తి భోజనాల దగ్గర, అందరూ వింటుండగా అంటాడు.

ఆ రాత్రి ఎస్‌బీసీఎల్ తెరిచి ఊరి పేరు కొట్టి చూశాను. ఎల్లోర్ అనే వచ్చింది. సంచీ పొడుగెంతో అడిగాను, 3 అంది. ఉండాల్సింది కూడా మూడే కదా, సంచీ బాగానే ఉందనుకొని ఇంకో గంట వేరే చోట్ల వెతికాను. చివరికి సంచీలో ఒక్కో అక్షరానికి నంబరు అడిగాను, (మ్యాప్ 'లిస్ట్ #'చార్-కోడ్ సంచీ) అని. 32, 9, 10 రావాలి. 32, 116, 110 వచ్చాయి. 116 టీ, 110 ఎన్. ఆ మూడు నంబర్లు చూసేసరికి టెన్షన్ దిగింది, సిగ్గు మొదలైంది.

కాబట్టి కామన్ లిస్ప్‌లో అయితే ఇట్లా రాయండి:

(స్ట్రింగ్-ట్రిమ్ '(#\స్పేస్ #\ట్యాబ్ #\న్యూలైన్ #\రిటర్న్) ఊరు)

చివరనున్న రిటర్న్ మర్చిపోవద్దు. విండోస్‌లో తయారైన ఫైళ్ళలో లైను చివర 13 (రిటర్న్), 10 (న్యూలైన్) అని రెండు అక్షరాలుంటాయి. లైనక్స్‌లో, ఫైల్లోంచి ఒక్కో లైను చదివే రీడ్-లైన్ 10ని మింగి 13ని వదిలేస్తుంది. తెరమీద ఏమీ కనబడదు, పోల్చి చూస్తే మాత్రం రెండు మాటలూ కలవవు. ఒక్క వైపే తీయాలంటే స్ట్రింగ్-లెఫ్ట్-ట్రిమ్, స్ట్రింగ్-రైట్-ట్రిమ్ ఉన్నాయి. తీయడానికి ఏమీ లేకపోతే స్ట్రింగ్-ట్రిమ్ పాత స్ట్రింగ్‌నే తిరిగి ఇవ్వొచ్చు, కొత్త కాపీ వస్తుందని నమ్మి దాని మీద దిద్దుబాట్లు చేయకండి.

ఇంకో తమాషా. స్ట్రింగ్ ఇవ్వాల్సిన చోట నిల్ (లిస్ప్‌లో ఏమీ లేదు అని చెప్పే గుర్తు) ఇస్తే స్ట్రింగ్-ట్రిమ్ ఎర్రర్ ఇవ్వదు. నిల్ కూడా ఒక సింబల్, అంటే తనకంటూ పేరున్న గుర్తు, కాబట్టి దాని పేరునే తీసుకొని పెద్ద అక్షరాల్లో నిల్ అనే మాట చేతిలో పెడుతుంది. నా ప్రోగ్రాములో ఖాళీ గడి అంటే నిల్. బాకీ కాలమ్‌లో ఎవరి లెక్క ఇంకా ఎక్కించలేదో వాళ్ళందరికీ బాకీ నిల్ అని ప్రింటయింది. లెక్కల కుర్రాడు "అన్నా, భలే వేసిందన్నా" అని నన్ను మెచ్చుకున్నాడు కూడా. ఈ సంగతి బాబాయికి ఇంతవరకు తెలియదు.

వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన మాటలయితే ఈ నాలుగూ చాలవు. ఒకసారి కావలి అనే మాట ఎంత కోసినా కలవకపోతే నంబర్లు చూశాను: 107, 97, 118, 97, 108, 105, 160. ఆ చివరి 160 చూడటానికి స్పేసు లాగే ఉంటుంది, కానీ స్పేసు కాదు, లైను విరగకుండా పట్టుకొనే ఇంకో రకం ఖాళీ. దాన్ని (కోడ్-చార్ 160) అని సంచీలో చేర్చాలి. అప్పుడు ముందు కోట్ గుర్తు పెట్టిన జాబితా పనికిరాదు, (లిస్ట్ #\స్పేస్ ... (కోడ్-చార్ 160)) అని రాయాలి. కోట్ పెడితే లోపలున్న కోడ్-చార్ పని చేయకుండా అట్లాగే కూర్చుంటుంది.

తెలుగులో కొట్టిన పేర్లకయితే 8204 అని ఇంకొకటుంది, వెడల్పే లేని అక్షరం. గోడౌన్‌లో అని రాసినప్పుడు న కింద ల వత్తుగా చేరకుండా విడిగా నిలబెట్టేది అదే. మాట చివర ఊరికే వేలాడుతుంటే కోసేయొచ్చు, ఫోన్లో కొట్టిన పేర్లలో అట్లా వేలాడేవి చాలా చూశాను. మధ్యలో ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోకండి, అక్షరాల రూపం మారిపోతుంది. స్ట్రింగ్-ట్రిమ్ ఎట్లాగూ మధ్యలోకి పోదు.

మధ్యలో నాలుగైదు స్పేసులుంటే ఒకటి చేయడం వేరే పని. (రిమూవ్ #\స్పేస్ పేరు) అంటే ఉన్నవన్నీ పోయి ఇంటిపేరూ పేరూ అతుక్కుపోతాయి. నేను సీఎల్-పీపీసీఆర్‌ఈ అనే లైబ్రరీలో రెజెక్స్-రిప్లేస్-ఆల్ వాడతా. అక్కడ కూడా ఇదే జబ్బు, ఏ ఖాళీ అయినా సరే అనే అర్థంలో బ్యాక్‌స్లాష్ ఎస్ అని ఒకటి పెడితే కామన్ లిస్ప్ దాన్ని మింగేసి ఉత్త ఎస్ మిగులుస్తుంది. రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టాలి. ఆటోలిస్ప్‌లో వీఎల్-స్ట్రింగ్-సబ్‌స్ట్ మొదట కనబడిన ఒక్కదాన్నే మారుస్తుంది, కాబట్టి రెండు స్పేసులు కనబడినంతసేపూ ఒకటి చేస్తూ వైల్ లూప్ తిప్పండి.

ఈమ్యాక్స్ అనే ఎడిటర్‌లో ఉండే లిస్ప్ అయితే స్ట్రింగ్-ట్రిమ్‌కు ముందు స్ట్రింగే ఇవ్వాలి, సంచీ అక్కర్లేదు. బ్యాక్‌స్లాష్ టీ అక్కడ నిజంగానే ట్యాబ్. దాదాపు ఒకే పేరు, మూడు ఇళ్ళలో మూడు మర్యాదలు. మీరు లిస్ప్ అని మాత్రమే అన్నారు, ఏ లిస్పో చెప్పలేదు. మీ సంచీలో ఏం రాశారో ఆ ఒక్క లైనూ, దాంతోపాటు ఆ అక్షరాల నంబర్లూ పెట్టండి, చూసి చెబుతా. ఊరి పేర్లున్న ఫైలయితే లారీ ఎక్కించకముందే పెట్టండి.