మల్టీమీడియా డిగ్రీలో చేర్పించే ముందు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. డిజిటల్ మల్టీమీడియా చేస్తానని పట్టుబడుతోంది. యూనివర్సిటీలో నాలుగేళ్లు చదివించాలా, అమీర్‌పేటలో ఏడాది కోర్సు చాలా? ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనాలా? – ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఫొటోషాప్, ప్రీమియర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ లాంటి ఫొటో, వీడియో సాఫ్ట్‌వేర్లు వాడటం వరకైతే అమీర్‌పేటలో ఏడాదిలో వచ్చేస్తుంది. ఎడిటర్‌గా చిన్న ఉద్యోగంతో మొదలుపెడతానంటే అదీ తప్పు కాదు. కానీ ఎవరికి, ఏం, ఎంతసేపు చూపించాలో తేల్చే పని మీ అమ్మాయి చేయాలనుకుంటే యూనివర్సిటీకే నా ఓటు.

మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్, ఫొటోగ్రఫీల్లో బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది. ఆ యూనివర్సిటీ ఎంట్రన్స్ ఫాడీ రాయాలి. కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్‌కు యూసీడ్ అనే డిజైన్ ఎంట్రన్స్ రాయాలి. ఇంటర్లో ఏ గ్రూపైనా పర్లేదు. యూసీడ్ దరఖాస్తులు మామూలుగా అక్టోబర్లో, పరీక్ష జనవరిలో. ఇంటర్ పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకుంటే ఏడాది పోయినట్టే. ఎంపీసీ పిల్లలు లెక్కలు, రీజనింగ్ చూసుకుని ధీమాగా వెళ్లి డ్రాయింగ్ దగ్గర దెబ్బతింటారు. ఫొటో చూసి గీసే అలవాటు అక్కడ పనికిరాదు. బస్టాప్‌లో జనం సిటీ బస్సెక్కే దృశ్యాన్ని డాబా మీంచి చూస్తే ఎలా ఉంటుందో ఊహించి గీయగలగాలి. రోజూ గంట దీనికే కేటాయించమనండి.

ప్రైవేటు కాలేజీకి వెళ్తే బ్రోషర్ పక్కనపెట్టి ఫైనలియర్ ప్రాజెక్టు ఒకటి చూపించమని అడగండి. వీడియోతో పాటు దాని ఫోల్డర్ మొత్తం: స్క్రిప్టు, స్టోరీబోర్డు (షాట్లను వరసగా గీసుకున్న బొమ్మలు), లెక్చరర్ తిప్పిపంపిన వెర్షన్లు. అవి లేవన్నారంటే అక్కడ సాఫ్ట్‌వేరే నేర్పుతున్నారు. అదైతే అమీర్‌పేటలో చవక. ల్యాబ్ సాయంత్రం ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో కూడా కనుక్కోండి.

ఈలోగా ఇంట్లోనే ఫోన్‌తో ఒక్క నిమిషం వీడియో తీయించండి, పనేమిటో తనకే తెలుస్తుంది. మొదట ట్యూబ్‌లైటు ఏడిపిస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కంటికి ఆనదు గానీ సెకనుకు 30 ఫ్రేముల్లో, 1/60 సెకను షట్టర్‌తో తీస్తే వీడియోలో చారలు పాకుతాయి. 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెడితే పోతాయి. తర్వాత ధ్వని. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తూ, గొంతు గట్టిగా లేచినప్పుడు కూడా ధ్వని స్థాయి చూపే మీటర్ మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్యే ఉండేలా చూసుకోవాలి. సున్నా దాటి పగిలిన గొంతును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

ఇక తెలుగు టైటిళ్లు. ఫొటోషాప్ పాత వెర్షన్లలో టైప్ సెట్టింగుల్లోకి వెళ్లి భారతీయ లిపులకు సరిపడే టెక్స్ట్ ఇంజిన్‌కు మార్చకపోతే ‘స్త్రీ’లో ఒత్తులు విడివిడిగా పక్కకొచ్చి పడతాయి. యూనికోడ్ కాని పాత తరహా అను ఫాంట్లతో కొట్టిన ఫైలైతే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గీతలుగా తెరుచుకుంటుంది. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు అక్షరాలుగానే తెరుచుకునే యూనికోడ్‌తోనే మొదలుపెట్టమనండి. ఫుటేజీ, ఆడియో, ఫాంట్లు, ప్రాజెక్టు ఫైలు అన్నీ ఒకే ఫోల్డర్లో ఉంచాలి. డెస్క్‌టాప్ మీది క్లిప్పు పెన్‌డ్రైవ్‌లోకి రాలేదనే సంగతి ప్రెజెంటేషన్ రోజు, ‘మీడియా ఆఫ్‌లైన్’ అని ఎర్ర తెర వచ్చాక తెలిసే పిల్లలు చాలామంది.

ల్యాప్‌టాప్ మాత్రం సీటొచ్చాకే కొనండి. 3డీ వైపు వెళ్తే గ్రాఫిక్స్ కార్డు మీద, వీడియో వైపైతే స్టోరేజీ మీద ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. ఏ దారైనా 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీకి తగ్గొద్దు. షాపువాడు ప్రాసెసర్ గురించే చెబుతాడు, మీరు స్క్రీన్ గురించి అడగండి: ఎస్‌ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల ప్రమాణం) నూరు శాతమా? చవక స్క్రీన్లలో రంగులు వెలిసినట్టుంటాయి. పిల్లలు అవి సరిపోలేదని ఇంకా పెంచుతారు, అదే వీడియో మంచి ఫోన్లో చూస్తే మొహాలన్నీ పసుపు పూసినట్టు కనిపిస్తాయి.