జీతాల తేడా మీద కథ రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

నీ కథ చదివాను. ఉక్కు కర్మాగారంలో ఒకే షెడ్డులో ఒకే పని చేసే ఇద్దరు మనుషులు, ఒకరు పర్మినెంటు, ఒకరు కాంట్రాక్టు. ఇద్దరి జీతాలూ పక్కపక్కన పెట్టి, చివర కాంట్రాక్టు మనిషి చేత రెండు పేజీలు మాట్లాడించావు. నీ కోపం నిజమైనదే. కానీ తేడా ఎంతో తెలిసింది గానీ అది ఎలా వచ్చిందో తెలియలేదు. నీ కథ ఆ ‘ఎలా’లోనే ఉంది.

చట్టం ఎప్పుడో చెప్పింది. కంపెనీ నేరుగా పెట్టుకున్నవాళ్లు చేసే పనే చేస్తుంటే కాంట్రాక్టు కార్మికుడికీ అదే వేతనం ఇవ్వాలని 1971 నాటి కేంద్ర నిబంధనల్లోనే రాశారు. ఆడా మగా తేడా చూపొద్దని 1976లో చట్టం వచ్చింది, 2019 వేతన కోడ్‌లోనూ ఆ మాట ఉంది. అయినా తేడా ఎందుకు పోలేదు? ఒకే పనిని కాగితం మీద వేరే పనిగా చూపిస్తారు. లేదంటే మంచి కూలి దొరికే పని దాకా మనిషిని రానివ్వరు. ఈ రెండోది కంటికి కనబడదు, అందుకే రాసేవాళ్లు తక్కువ.

మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లు కట్టేచోటికి వెళ్లి చూడు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మొగుడూ పెళ్లాం కలిసి వస్తారు. మొదట ఇద్దరూ ఇటుకలే మోస్తారు. కొన్నేళ్లకి అతను తాపీ పట్టి మేస్త్రి అవుతాడు, ఆమె తట్ట మోస్తూనే ఉంటుంది. అక్కడ ఒకావిడ, మేస్త్రి టీ తాగి వచ్చేలోగా దారం పట్టి చూసి, అతను రాగానే ఇటుకల వరస ఓ పక్కకి లేచిందని చెప్పింది. అతను మాట్లాడకుండా రెండు ఇటుకలు తీసి మళ్లీ పెట్టాడు. మరి నువ్వెందుకు కట్టవని అడిగితే, “ఆడమనిసికి తాపీ ఎవులిత్తారమ్మా” అంది. సాయంత్రం ఆమెకిచ్చింది ఆడకూలి రేటే. పని వచ్చిన మనిషికి ఆ పని ఇవ్వకపోవడం, ఇదీ నువ్వు రాయాల్సింది.

ఫిషింగ్ హార్బర్‌లో ఇదే ఇంకోలా ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు. ఆ నెలల భృతి పడవెక్కేవాళ్ల పేరునే వస్తుంది. చేపలు ఎండబెట్టి, బుట్టలో పెట్టుకుని వీధులు తిరిగే ఆడవాళ్లకీ అప్పుడు సరుకుండదు. వాళ్ల పేరు ఏ జాబితాలో వెతకాలి?

నువ్వు గాజువాకలోనే పెరిగావు కాబట్టి అడగడం నీకు సులువు. “జీతమెంత” అని ఆగిపోకు. చేతికొచ్చేదెంత, ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంటుంది, పీఎఫ్ నిజంగా జమ అవుతోందా అని అడుగు. ముఖ్యంగా, కాంట్రాక్టరు మారినప్పుడు ఏమవుతుందో అడుగు. అదే మనిషి, అదే మిషను, కానీ పాత సర్వీసు లెక్కలోకి రాదు, మళ్లీ మొదటి రోజే. విశాఖ ఉక్కు ప్లాంటుకి భూములిచ్చిన నిర్వాసితుల్లో చాలామంది ఆర్-కార్డు (పునరావాస కార్డు) పట్టుకుని పర్మినెంటు ఉద్యోగం కోసం దశాబ్దాలు ఎదురుచూశారు. తాతల భూమిలో కట్టిన గేటు ముందు మనవడు కాంట్రాక్టు పాసు చూపించి లోపలికి వెళ్లడం మీ చుట్టుపక్కల జరుగుతున్నదే. దాన్ని వదిలేసి ఉపన్యాసం ఎందుకు?

ఇంకో మాట. నీ కథలో పర్మినెంటు ఉద్యోగిని దుర్మార్గుణ్ని చేశావు. అది అన్యాయం. 2021లో ప్లాంటు అమ్మేస్తారన్న మాట వచ్చినప్పటి నుంచి అతనికీ రాత్రిళ్లు టెన్షనే. పక్కవాడికి తక్కువ వస్తోందని అతనికి తెలుసు. తెలిసీ, తన ఉద్యోగం ఎక్కడ పోతుందోనని నోరు మెదపడు. అతని ఇంట్లోకి వెళ్లి కూర్చో, పిల్ల ఫీజు గురించీ లోను గురించీ విను. అతను ఎందుకు మాట్లాడలేదో పాఠకుడికి అర్థమైతే, కాంట్రాక్టు మనిషి చేత నువ్వేమీ చెప్పించక్కర్లేదు.

తిరగరాశాక నాకు పంపే ముందు, నీకు ఈ సంగతులు చెప్పినవాళ్లకి చదివి వినిపించు. పేరొక్కటే మారిస్తే సరిపోదు, డిపార్ట్‌మెంటు, ఊరు, షిఫ్టు కూడా మార్చు. ఫలానావాడే చెప్పాడని తెలిస్తే రేపు అతని గేటు పాసు రెన్యువల్ కాదు. వాళ్లు వద్దన్న ముక్క ఎంత బాగా వచ్చినా తీసెయ్యి.

ఆశీస్సులతో,
మీ అక్క
విశాఖపట్నం